రెండో రాయి

మా బావ పిరికోడని ఎవుడైనా అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతాది. పిరికోడే, కాదనను. మా బావంత పిరికి మడిసిని నాను ఈ జన్మలో సూడనేదు. గానీ ఆ మాట అనడానికి నాకు హక్కున్నాది, మా అప్పకి ఉన్నాది. టీ బడ్డీ కాడ కాళ్లూపుకుంటూ కూకున్న మీకెవుడిచ్చినాడు? ఆ మడిసి ఎందుకు భయపడినాడో, ఆ భయంతోటే ఎన్నిసార్లు బండిని సల్లగా ఇంటికి సేర్సినాడో మీకు తెలుసునా? తెలీదు కదా. అయితే ఆ గ్లాసు కింద పెట్టి ఇనండి.

మా బావ పేరు అసిరయ్య. మా అప్ప బుల్లమ్మని సేసుకున్నాడు గనక నాకు బావ. పుట్టింది ఎచ్చెర్ల పక్కన పల్లెలో. అంతా మెట్ట భూమి, వానొస్తే సోళ్లు, రాకపోతే గంజినీళ్లు. ఈ సేను మనల్ని సాకదని మీసాలు రాకముందే సీపురుపల్లి టేసన్‌కి వచ్చీసి, గూడ్సు బళ్లలోంచి ఉప్పు బస్తాలు దింపే కూలిపన్లో సేరినాడు. అక్కడ గంగులని ఒక లారీ డ్రైవరు ఉండేవోడు. నోరు పెద్దది, గుండె ఇంకా పెద్దది. ఆయనే మా బావని క్లీనరుగా పెట్టుకుని పని నేర్పినాడు.

ఆ గంగులు సావు మా బావ కళ్లెదటే జరిగినాది. సాలూరు దాటి ఘాటీ ఎక్కుతుంటే, బీడీ ఎలిగించుకుందామని గంగులు బండాపినాడు. సక్రానికి రాయి పెడతానని మా బావ దిగబోతే, ఒక్క బీడీకి రాయేటిరా అని నవ్వినాడంట. బండి ఎనక్కి జారినాది. గంగులు ఎనకాలకి పరిగెత్తి రెండు సేతులూ అడ్డం పెట్టినాడు. బరువెత్తిన లారీకి మడిసి సేతులడ్డం పెడితే ఏటవుతాది? ఎందుకలా సేసినాడని అడగొద్దు. ఆ టైముకి బుర్ర పన్సెయ్యదు, సేతులే పన్సేస్తాయి. ఈ ముక్క మా బావ నాకు ఒక్కసారే సెప్పినాడు, మళ్లీ ఎత్తనేదు.

అప్పట్నుంచి మడిసి మారిపోనాడు. డ్రైవరయినాక బండి ఎక్కడాగినా సరే, ముందు సక్రాలకి అడ్డం పడాల్సిందే. లోకమంతా ఒక సక్రానికి సెక్కదిమ్మ పెడితే మా బావ రెండు సక్రాలకి పెడతాడు. పెట్టి కాలితో తంతాడు. తన్ని నన్ను తన్నమంటాడు. ఘాటీ దిగేటప్పుడు తను మాటాడడు, పక్కనోడ్ని మాటాడనివ్వడు. నాను దగ్గినా ఉరిమి సూసేవోడు. ముందద్దానికి అరసవల్లి దేవుడి పటం అంటించుకుని, కొండల్లో ఉన్నప్పుడు సూర్యుడు కనబడితే గానీ బండి కదిపేవోడు కాదు. దేవుడు మనకి కనబడకపోతే దేవుడికి మాత్రం మనమేటి కనబడతామురా అనేవోడు. బజార్లో పిరికి అసిరయ్య అని పేరెట్టీసినారు. నాను ఆయన కింద క్లీనర్ని. ఆ ఎగతాళిలో సగం నా నెత్తిన కూడా పడేది. అందుకు నాకూ మా బావకీ రోజూ తగువే.

ఆయన్ని అనడమెందుకులే, మా బండి కూడా అలాంటిదే. నలుగురి సేతులు మారి మా షావుకారి కాడికి వచ్చిన ముసలి డీజిలు లారీ. బేటరీ సచ్చినాది, సెల్ఫు పన్సెయ్యదు, హేండ్‌బ్రేకు ఉన్నా లేనట్టే లెక్క. కింద మన ఎండకి బాగానే లేస్తాది. కొండల్లో సలికి మాత్రం ఆయిలు పేరిన నెయ్యయిపోతాది. అప్పుడు దానికి మూడే దార్లు. పల్లంలో ఆపుకుని పొద్దున్నే దొర్లించి గేరెయ్యడం, నేదంటే ముందు నుంచి హేండిలు పెట్టి తిప్పడం, అదీ కాకపోతే ఇంజను కింద అగ్గి పెట్టడం. ఇంజను కింద ఆయిలుండే తొట్టిని మేం సాంబరంటాం. దాని కింద ఇనప బొచ్చెలో నిప్పులు పెడితే ఆయిలు కరుగుతాది. కారే డీజిలు మీద నిప్పురవ్వ పడకుండా కిందే ఒక మడిసి తొంగుని కాపలా కాయాల. ఆ పని మా బావ ఎప్పుడూ నాకు ఒగ్గనేదు. నువ్వు పరాకు మడిసివి, తగలెట్టీస్తావనేవోడు.

ఇక మా అమ్మ సంగతి. మా అమ్మ దేముడమ్మ నోటికి వీధంతా జడుపే. లారీ డ్రైవరు సంబంధమంటే మొనగాడనుకుని పిల్లనిచ్చినాది. తీరా సూస్తే ఇలాగ. పండక్కొచ్చిన అల్లుడు వీధిలో సైకిలుకి కూడా రాయడ్డం పెట్టినాడని పదిమందికి సెప్పి నవ్వినాది. పిరికోడి పాల పడిపోనాది నా కూతురని, అల్లుడికి ఇనబడేలాగే గోడతో అనేది. గోడతో ఎందుకంటే, మా ఇళ్లల్లో అత్త అల్లుడితో మాటాడదు. ఎదట పడదు, ముసుగు తియ్యదు, పేరెట్టి పిలవదు. ఏది సెప్పాలన్నా మద్దిన ఇంకో మడిసి ఉండాల. మా అప్పకి ఇద్దరాడపిల్లలు పుట్టినా, మా అమ్మ మా బావతో నేరుగా ఒక్క ముక్క మాటాడిన పాపాన పోనేదు.

అరవయ్యేడో అరవయ్యెనిమిదో, ఏడాది గుర్తు నేదు గానీ పుష్యమాసం. ఆ సలి గుర్తున్నాది. పొట్టంగి దాటి, తారు రోడ్డు ఒదిలేసి, ఎడ్లబండి జాడలమ్మట లోపలికెల్తే ఒక సంత ఊరున్నాది. అక్కడికి ఉప్పూ కిరసనాయిలూ తీసుకెళ్లి నూనె తీసే వలిసెల బస్తాలు దింపుకురావాల. ఆ ఊళ్లోనే మా సిన్న మావయ్య నరసింగరావు ఉప్పు కొట్టు పెట్టుకున్నాడు. ఆయనకి కొండ జొరం పట్టినాదని కబురొచ్చినాది. తమ్ముడ్ని సూడాల్సిందేనని మా అమ్మ మూట సర్దీసినాది. అటు బస్సుల్లేవు, మా లారీయే గతి. క్యాబిన్లో ఆ కిటికీ కాడ మా అమ్మ, ఈ పక్క స్టీరింగు ముందు మా బావ, మద్దిన గోడలాగ నాను. మా అమ్మ మొకం బయటకి తిప్పుకుని ముసుగేసుకుని కూకున్నాది. ఏదైనా సెప్పాలంటే, ఒరే సింహాచలం, మీ బావకిలా సెప్పు, అంటాది. ఆయన అక్కడే ఉన్నాడు. ఇన్నాడు. అయినా నాను మళ్లీ సెప్పాల. ఆయన జవాబు నాకు సెప్తాడు, నాను మా అమ్మకి సెప్పాల. సాలూరు ఎల్లీసరికే నా నోరు నొప్పెట్టీసినాది.

ఎక్కడం బాగానే ఎక్కినాం. ఒక మిట్ట కాడ సెక్కదిమ్మ ఒకటి సక్రం కింద పడి రెండు సెక్కలయినాది. మావయ్యకి జొరం తగ్గి లేసి కూకున్నాడు. సరుకు దింపి, వలిసెలు ఎత్తుకుని తిరిగొస్తుంటే ఒక గెడ్డలో బండి దిగబడినాది. దాన్ని లాగీసరికి పొద్దొంగిపోనాది, రెండో దిమ్మ నీళ్లలో కొట్టుకుపోనాది. ఇంక తారు రోడ్డుకి ఒక్క కొండే అడ్డం. ఆ కొండ దిగుడు మొదట్లోకి వచ్చీసరికి మంచు దిగిపోనాది. ముందు దారి ఎడం పక్కకి తిరుగుతాది, తిరక్కుండా తిన్నగా ఎల్తే లోయ. ఆ మలుపు మంచులో కనబడడం మానేసినాది.

మా బావ బండాపీసినాడు. ఈ రేతిరికి ఇక్కడే అన్నాడు. ఈ సలిలోనా, మెల్లగా పోదాం బావా అని నాను గొణిగినాను. మా అమ్మయితే బయటకి సూస్తూనే అందుకున్నాది. ఒరే సింహాచలం, మీ బావకి మంచు సూసినా భయమేనేటో అడుగు, అన్నాది. మా బావ కోపం తెచ్చుకోనేదు. అవునని సెప్పరా అన్నాడు. పొద్దున్న దొర్లించడానికి పనికొస్తాదని మొకం పల్లం వైపుంచే ఆపినాడు. గేరులో పెట్టినాడు. దిమ్మలు రెండూ పోనాయి గనక దారి పక్కనున్న గుండ్రాయిని నాను ముందు సక్రానికి ఎగదోసినాను. అది సాలనేదు మా బావకి. సాలదని నాకు ముందే తెలుసు. మంచులో తడుముకుంటూ ముందుకెల్లి, ఎక్కడి నుంచో ఒక పలక రాయి మోసుకొచ్చి ఎనక సక్రం ముందు పెట్టినాడు. తన్నినాడు. నన్ను తన్నమన్నాడు. తన్నినాను. మా అమ్మ క్యాబిన్లో, మేమిద్దరం బస్తాల మీద టార్పాలిన్ కింద పడుకున్నాం.

తెల్లారినాదంటే తెల్లారినాదనుకోవడమే. మంచు అలాగే ఉన్నాది, సూర్యుడు నేడు. టార్పాలిన్ తడిసి అట్టకట్టినాది. నా ఏళ్లు నావి కానట్టున్నాయి. దారిమీద ఎర్రమట్టి రాత్రంతా మంచు తాగి జారుడుగా అయిపోనాది. దారి కనబడకుండా దొర్లించడానికి మా బావ ఒప్పుకోనేదు, ముందు ఇంజను లేవాల, ఎలుగొచ్చీదాకా అలా ఆడుతూ ఉండాల, అన్నాడు. గేరు న్యూట్రల్లో పెట్టి హేండిలు తిప్పినాం. ఇద్దరం కలిసి తిప్పితే ఒక్క సుట్టు కదిలినాది, ఊపిరి తీసినాది, ఊరుకున్నాది. సరే, అగ్గి పెడదామన్నాడు. మళ్లీ గేరులో పెట్టబోతే లివరు బిగుసుకుపోయి గేరు పడనేదు. మా బావ రెండు రాళ్లనీ మళ్లీ తన్ని సూసినాడు. రెండున్నాయి కదా అని తనకి తనే సెప్పుకున్నాడు.

ఎండుపుల్లలు దొరక్క సరుకు బుట్టలు ఇరిసి అగ్గి సేసినాం. నిప్పుల బొచ్చె పట్టుకుని, కంబళి కప్పుకుని, మా బావ ముందు సక్రం ఎనక నుంచి బండి కిందకి దూరినాడు. మోకాళ్ల కింద నుంచి కాళ్లు మాత్రం బయటకి కనబడతన్నాయి. సలికి పగిలిపోతాదన్న భయంతో రేడియేటర్లో నీళ్లు రాత్రే తీసీసినాడు గనక, నాను రెండు డబ్బాలు పట్టుకుని కిందనున్న గెడ్డకి నీళ్లకెల్లినాను.

నాను లేనప్పుడు జరిగింది మా అమ్మ తరవాత సెప్పినాది. కొండ దిగే ముందు దండం పెట్టుకుందామని మలుపు కాడికి ఎల్లినాదంట. అక్కడొక రాళ్ల కుప్ప ఉన్నాది. ఆ దారిన దిగే ప్రతోడూ ఒక రాయి ఏసి, కొండమ్మ తల్లీ సల్లగా దింపమని మొక్కుకుని పోతాడు. కుప్ప మీద పసుపు రాసిన పలక రాయే అమ్మవారు. మేం సంతకి ఎల్లేటప్పుడు మా అమ్మ దానికి మొక్కినాది కూడా. ఇప్పుడు సూస్తే కుప్పున్నాది, అమ్మవారు నేదు. ఆవిడకి ఎవుడి పనై ఉంటాదో వెంటనే తెలిసిపోనాది. ఎనక్కొచ్చి వంగి సూస్తే, లారీ ఎనక సక్రం ముందు, మట్టి కొట్టుకుని, అంచున పసుపుతో అమ్మవారున్నాది. మనం ఇంకా ఘాటీ దిగాల, తల్లిని సక్రం కింద పెట్టుకుని దిగడమేటి, మన వంశం మిగులుతాదా అని ఆవిడకి వణుకు పుట్టినాదంట. నన్ను పిలిసినాదంట. గెడ్డ హోరులో నాకు ఇనబడనేదు.

మా బావ పక్కనే ఉన్నాడు, కాళ్లు కనబడతన్నాయి. ఒక్క మాట అంటే సాలు. గానీ అల్లుడి కాళ్ల కాడ నిల్సుని మా అమ్మ ఏటని పిలుస్తాది? పుట్టి బుద్ధెరిగినాక అలాటి పని సెయ్యనేదు ఆవిడ. నాకోసం సూసినాది. నాను రానేదు. రాయి మీద సెయ్యేసి సూసినాది, కదిలినాది. బరువంతా ముందు గుండ్రాయి మీదే ఆనుకున్నాది, ఇది ఊరికే ఆనుకుని ఉన్నాది. ఇంకో రాయి ఉండనే ఉన్నాది కదా అనుకున్నాది. తీసీసినాది.

నాను డబ్బాల్తో పైకొచ్చీసరికి మా అమ్మ ఒక రాయిని పసిపిల్లలాగ గుండెకి పొదువుకుని మలుపు వైపు ఎల్తన్నాది. ఏటమ్మా అది అని అడిగినాను. ఆవిడ జవాబు సెప్పేలోపు కిర్రుమని సప్పుడైనాది.

లారీ కదిలినాది. జానెడు కదిలి, ముందు సక్రం గుండ్రాయి మీద సగం ఎక్కి ఆగినాది. హమ్మయ్య అనుకున్నాను. గానీ ఆగనేదు. ఆ గుండ్రాయే తడిమట్టిలో జారతన్నాది. కొంచెం జారి ఆగుతాది, మళ్లీ కొంచెం జారుతాది. మా బావ కాళ్లు అలాగే ఉన్నాయి. బండి దొర్లిందంటే ఎనక సక్రం ఆ కాళ్ల మీంచే ఎల్లాల.

డబ్బాలు ఎక్కడ పడినాయో తెలీదు. హేండిలు రాడ్డు నేల మీదున్నాది, దాన్ని లాక్కుని గుండ్రాయి ముందు మట్టిలోకి గుచ్చి, దాని మీద నా బరువంతా ఏసి వంగిపోనాను. రాడ్డు వణుకుతాంది. నాను కదిలితే మా బావ పోతాడు, అదొక్కటే తెలుసు.

"అమ్మా, రాయి" అన్నాను.

మా అమ్మ కదలనేదు. రాయిని ఇంకా గట్టిగా పొదువుకున్నాది. "అమ్మవార్రా సింహాచలం" అన్నాది. ఏడుపు గొంతు. ఆవిడ మొకం సూస్తే నాకు ఇంకా భయమేసినాది. ఆవిడ దేనికి భయపడతాందో నాకు అర్థమైనాది. కూతురి మొగుడొక పక్క, అమ్మవారి కోపమొక పక్క.

"అప్పకి ఏటి సెప్తావు?" అన్నాను.

అంతే, వచ్చీసినాది. ఎనక సక్రం ముందు మోకాళ్ల మీద పడి రాయి పెట్టినాది. పెడితే దూరదు, బండి అప్పటికే ముందుకొచ్చి సందు తగ్గిపోనాది. సేతుల్తో తోసినాది, దూరనేదు. లేసి నిల్సున్నాది. కాలితో తన్నితే గానీ దూరదు. మా అమ్మ, పాలు పొంగితే కూడా పొయ్యికి దండం పెట్టే మడిసి, అమ్మవారి రాయిని కాలితో తన్నినాది. ఏడుస్తూ తన్నినాది. రెండోసారి తన్నినాది, మూడోసారి తన్నినాది. రాయి బిగిసినాది. సక్రం దాని మీద కొంచెం ఒరిగి ఆగినాది.

నా రాడ్డు కింద జారుడు ఆగినాది. గానీ రాడ్డు ఒగ్గడానికి నాకు ధైర్యం నేదు. బావా బయటకొచ్చీయ్ అని పిలిసినాను. రానేదు. మళ్లీ పిలిసినాను. కాళ్లు కదల్నేదు. కింద నుంచి కాలిన వాసనొచ్చినాది. వంగి సందులోంచి సూసినాను.

బొచ్చె తిరగబడిపోనాది. నిప్పులు ఆయన భుజం పక్కనే సెల్లాసెదరుగా పడున్నాయి, కంబళి అంచు కాల్తన్నాది. పైన ఇంజను పైపు నుంచి డీజిలు సుక్కలు కారతన్నాయి. మా బావ రెండు సేతుల్తో పైనున్న ముందు ఇరుసుని పట్టుకుని ఉన్నాడు. బండి కదిలినప్పుడు పట్టుకున్నాడు, మరి ఒగ్గనేదు. కళ్లు తెరిసే ఉన్నాయి. నా మాట ఇనబడతన్నట్టు నేదు. బండిని సేతుల్తో ఆపుతున్నాడు మా బావ. నాకు గంగులు గుర్తొచ్చినాడు. రాడ్డు ఒగ్గేసి లాగీద్దామా అంటే గుండ్రాయి జారితే రెండో రాయి ఒక్కటీ ఆపగలదా? ఒగ్గకపోతే ఆయన కాలిపోతాడు. నిజం సెప్తన్నాను, అంత భయం మళ్లీ ఎప్పుడూ పడనేదు నాను.

మా అమ్మ సూసినాది. నన్ను సూసినాది, ఆ కాళ్లని సూసినాది. మద్దిన మాటలు మొయ్యడానికి నాను ఖాళీగా లేనని ఆవిడకి అర్థమైనాది. ముసుగు అప్పటికే జారిపోనాది. దాన్ని సర్దుకోనేదు. ఆ బురదలో పొట్ట మీద పడుకుని, సెంప నేలకానించి, బండి కిందకి తల దూర్సినాది.

"అసిరయ్యా" అన్నాది.

ఆయన కదల్నేదు.

"అసిరయ్యా, ఇటు సూడు. నీ అత్తని. బండిని నువ్వు ఆపక్కర్నేదు, నాను రాయెట్టినాను. సెయ్యి ఒగ్గీ."

మా బావ కళ్లు తిరిగినాయి. ఆవిడ మొకం వైపు సూసినాడు. పెళ్లయిన తరవాత ఆ మొకం సూడ్డం అదే మొదలు.

"ఒగ్గీ నాయనా" అన్నాది మా అమ్మ. సెయ్యి సాపి, ఆయన మణికట్టు పట్టుకున్నాది.

మా బావ ఒక సెయ్యి ఒగ్గినాడు. తరవాత రెండోది. మా అమ్మ ఎలా లాగినాదో నాకు తెలీదు, ఉప్పు బస్తాలు మోసిన మడిసిని ఆ ముసలమ్మ మట్టిలో ఈడ్సుకుంటూ బయటకి లాగీసినాది. కంబళి మీద అగ్గిని ఉత్త సేతుల్తో కొట్టి ఆర్పినాది. ఆర్పినాక తన సేతులెక్కడున్నాయో సూసుకున్నాది. అల్లుడి భుజం మీద ఉన్నాయి. సటుక్కున లేసి, ముసుగు గడ్డం దాకా లాక్కుని, అటు తిరిగి నిల్సున్నాది. అరసేతులు కాలి బొబ్బలెక్కినాయి, పైట సాటున దాసుకున్నాది.

నాను రాడ్డు ఒగ్గి కూలబడిపోనాను. మా బావ పళ్లు టకటకమని కొట్టుకుంటన్నాయి. ఎనక సక్రం కింద రాయిని సూసినాడు, అంచున పసుపుని సూసినాడు. ఆయన ఆ రాయి ఎక్కడి నుంచి తెచ్చినాడో ఆయనకే అప్పుడు తెలిసినాది. లెంపలేసుకున్నాడు. ఎవురు తీసినారు, ఎందుకు తీసినారని మాత్రం అడగనేదు. అప్పుడు అడగనేదు, తరవాత ఎప్పుడూ అడగనేదు.

మంచు పల్సబడి సూర్యుడు తెల్లగా ఒక సుక్కలాగ కనబడినాడు. ఆ నిప్పులకే ఆయిలు కొంచెం కరిగినట్టున్నాది. నీళ్లు మళ్లీ తెచ్చి పోసినాను. ఈసారి గేరు పడినాది. నాను రాడ్డుతో ముందు గుండ్రాయి తన్నేసినాను. ఎనకది నాను తీస్తానంటే మా అమ్మ ఒప్పుకోనేదు. రాడ్డు తనే తీసుకుని, పసిబిడ్డని లేపినట్టు నెమ్మదిగా కదిపి తీసినాది. బండి దొర్లినాది, దగ్గినాది, నల్లటి పొగ కక్కి లేసినాది. మలుపు తిప్పి, అవతల సదునుగా ఉన్న సోట మా బావ ఆపుకున్నాడు. ఇంజను ఆపనేదు.

మా అమ్మ మిగిలిన నీళ్లతో రాయిని కడిగినాది. కొంగుకి కట్టుకున్న పసుపు కొమ్ము అక్కడే రాయి మీద అరగదీసి పూసినాది. కుప్ప మీద పెట్టి సాష్టాంగ పడినాది. ఏటి మొక్కుకున్నాదో సెప్పనేదు. లేసి తన వంతు రాయొకటి ఏసినాది, తరవాత ఇంకోటి ఏసినాది. ఆ రెండోది ఎవురిదని నాను అడగనేదు.

బండెక్కినాం. ఆ కిటికీ కాడ మా అమ్మ, ఈ పక్క మా బావ, మద్దిన నాను. తారు రోడ్డెక్కి ఘాటీ దిగడం మొదలెట్టినాం. మా బావ స్టీరింగుని రెండు సేతుల్తో బిగించి పట్టుకున్నాడు. అటు మా అమ్మ భుజం నాకు తగిలి వణుకుతన్నాది. నాను నోరు మూసుకుని కూకున్నాను. దిగేటప్పుడు మాటాడకూడదు కదా.

మా అమ్మే మాటాడినాది. మొకం బయటకే తిప్పుకుని, ముసుగులోంచి నెమ్మదిగా అన్నాది.

"ఒరే సింహాచలం, నాకు భయమేస్తన్నాదని మీ బావకి సెప్పు."

నాను నోరు తెరిసేలోపే, దారి మీంచి కళ్లు తియ్యకుండా మా బావ అన్నాడు.

"నాకూ భయమే అత్తా."

మా అమ్మ ముసుగు సర్దుకోనేదు. అలాగే అని తలూపినాది. ఘాటీ దిగినంతసేపూ ఇద్దరి మద్దినా నాను సెప్పాల్సింది ఏటీ నేకపోయినాది.